పరుగు, ఈత, సైకిలు... మా కె.సి. కాలవ లెక్క

మొన్న లంచ్ టేబుల్ దగ్గర మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు. "అన్నా, ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్ ఉంది. అదయ్యాక కొన్ని వారాలకే గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్. ఎలాగూ మారథాన్‌కి ప్రాక్టీసు చేస్తున్నా కదా, దాన్లోనే కాస్త ఈత, కాస్త సైకిలు కలిపేస్తే రెండూ కొట్టేయొచ్చు కదా?"

"కొట్టేయొచ్చు. కాకపోతే ఎవరు ఎవర్ని కొడతారన్నదే ప్రశ్న" అన్నాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఇదే ప్లాను 2023లో నేనూ వేశాను. వాడికి అన్నం తింటూ చెప్పగలిగినంత చిన్న జవాబు కాదిది. అందుకే ఈ టపా. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

ఈ గోల తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫుల్ మారథాన్ అంటే 42.2 కిలోమీటర్ల పరుగు. హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటే 1.9 కిలోమీటర్ల ఈత, వెంటనే 90 కిలోమీటర్ల సైకిలు, దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం కలిపితే 70.3 మైళ్ళు, అందుకే దాన్ని 70.3 అని కూడా అంటారు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. ఈత ఒక్కటే గంటా పది నిమిషాల్లో కాకపోతే నీళ్ళలోంచి బయటికి రమ్మని ఇంటికి పంపిస్తారు. గోవాలో ఇది 2019లో మొదలైంది. అప్పట్నించీ మన హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ జనాలకి అదొక తీర్థయాత్ర అయిపోయింది.

2023లో నా లెక్క ఇది. అప్పటికే వారానికి ఐదు రోజులు పరిగెత్తుతున్నాను. రెండు ఫుల్ మారథాన్లు అయ్యాయి. సరే, ఐదు పరుగులూ అలాగే ఉంచి, మూడు రోజులు ఈత, రెండు రోజులు సైకిలు పైన పెడదాం అనుకున్నాను. వారానికి పది వర్కవుట్లు! ఎక్సెల్ షీటులో చూస్తే ఎంత అందంగా ఉందో. ఒక్కో దానికి ఒక్కో రంగు. మన ప్రాజెక్టు ప్లాన్లు కూడా మొదటి రోజు ఇంత అందంగానే ఉంటాయి కదా :-)

జూన్ మొదట్లో మోకాలి కింద, ముందుభాగం ఎముక దగ్గర చిన్న నొప్పి. ఐస్ పెట్టి పరిగెత్తాను. జూలైలో మెట్లు దిగుతుంటే కూడా నొప్పి. ఎమ్మారై తీయించారు. స్ట్రెస్ రియాక్షన్ అన్నారు. అంటే ఎముక ఇంకా విరగలేదుగానీ విరుగుదామా అని ఆలోచిస్తోందన్నమాట. ఆరు వారాలు పరుగు బందు. మారథాన్ పోయింది. అటూ ఇటూ పరుగెత్తి గోవా కూడా పోయింది. రెండు పోటీలకి కట్టిన డబ్బులు, కొన్న సైకిలు, వదులుకున్న నిద్ర, ఇంట్లో పడిన తిట్లు, అన్నీ కలిపి నాకు మిగిలింది ఆ ఎక్సెల్ షీటు.

కాలు కదపకుండా కూర్చోమంటే మనం ఏం చేస్తాం? గూగుల్ చేస్తాం. అసలు ఈ ట్రయాథ్లాన్ అనే పిచ్చి ఎవడికి పుట్టిందో చూద్దామని మొదలుపెట్టాను. అక్కడ దొరికింది చదివాక నా మీద నాకే నవ్వొచ్చింది.

ఈ ఆట మొదలైంది అమెరికాలో, శాన్ డియాగో ఊళ్ళో, మిషన్ బే అనే చోట. 1974 సెప్టెంబరు 25. ఆ రోజు బుధవారం. అంటే జనం ఆఫీసులైపోయాక సాయంత్రం పెట్టుకున్న పోటీ. పెట్టింది ఎవరయ్యా అంటే ఈతగాళ్ళు కాదు, సైకిలిస్టులు కాదు. శాన్ డియాగో ట్రాక్ క్లబ్. పక్కా పరుగు క్లబ్బు! జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహాన్ అనే ఇద్దరు సభ్యులు. అంతకుముందే ఆ ఊళ్ళో డేవిడ్ పెయిన్ అనే లాయరు తన యాభయ్యో పుట్టినరోజుకి 1972లో పరుగూ ఈతా కలిపి ఒక పోటీ పెట్టుకున్నాడు. దాంట్లో పాల్గొన్న జాన్‌స్టోన్‌కి అలాంటిదే ఇంకోటి పెడదామని అనిపించింది. షానహాన్ సైకిలు కూడా కలుపుదామన్నాడు. అలా మూడయ్యాయి.

అప్పటి పరిస్థితి కూడా చూడాలి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫ్రాంక్ షార్టర్ మారథాన్ గెలిచాక అమెరికాలో పరుగు పిచ్చి మొదలైంది. అంతకుముందు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిష్యులు పతకాలు కొట్టినప్పట్నించీ వారానికి 100 మైళ్ళు పరిగెత్తడమనేది ఒక మంత్రంలా పాకింది. పొద్దస్తమానం ట్రాక్ మీద గుండ్రంగా తిరగడం, మారథాన్ కోసం మైళ్ళు లెక్కపెట్టుకోవడం. ఆ కఠినమైన సాధన నుంచి కొంచెం ఆటవిడుపుగా, సరదాగా పెట్టుకున్నదే ఈ మూడు ముక్కల పోటీ.

దూరాలు చూస్తే మీకే అర్థమవుతుంది. పరుగు 6 మైళ్ళు, అదీ ముక్కలు ముక్కలుగా, కొంత భాగం ఉత్తకాళ్ళతో గడ్డి మీదా ఇసక మీదా. సైకిలు 5 మైళ్ళు. ఈత మొత్తం 500 గజాలు, ఒక్క ఊపులో ఈదాల్సింది 250 గజాలకి మించదు. ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలి. ట్రోఫీల మీద పేరు చెక్కేవాడు 'ట్రయాథ్లాన్'కి స్పెల్లింగ్ ఏమిటని ఫోన్ చేసి అడిగాడట, నిఘంటువులో లేదు మరి! 46 మంది వచ్చారు. చివర్లో మిగిలినవాళ్ళు ఈదుతుండగా చీకటి పడిపోతే కార్లు వరుసగా నిలబెట్టి హెడ్‌లైట్లు నీళ్ళ మీదకి వేశారు. పెళ్ళివారి హడావుడిలా లేదూ?

నా బుర్రకి తట్టింది ఇది. ట్రయాథ్లాన్‌ని కనిపెట్టింది పరుగువాళ్ళు. కనిపెట్టింది పరుగుకి *బదులుగా*. పరుగు *మీద* అదనంగా కాదు. ఆ బుధవారం సాయంత్రం వాళ్ళు ట్రాక్ మీద ఇంటర్వెల్స్ కొట్టి, ఆ తర్వాత ఇది చేయలేదు. అది మానేసి ఇది చేశారు. నా ఎక్సెల్ షీటులో లేనిదల్లా ఆ 'మానేసి' అన్న ఒక్క మాటే.

మరి కూడిక ఎక్కడ మొదలైంది? అదీ చెప్పుకోవాలి. ఆ 46 మందిలో జాన్ కాలిన్స్ అని ఒక నేవీ ఆఫీసరు ఉన్నాడు, కుటుంబంతో సహా వచ్చి పాల్గొన్నాడు. తర్వాత ఆయనకి హవాయికి బదిలీ అయింది. 1977లో అక్కడ ఒక రిలే పరుగు బహుమతుల సభలో ఎవరు గొప్ప, పరుగువాడా ఈతగాడా అని వాదన వచ్చింది. కాలిన్స్ లేచి, సైకిలిస్టులే అందరికంటే గట్టివాళ్ళని ఎక్కడో చదివానంటూ ఎడ్డీ మెర్క్స్ పేరు ఎత్తాడు. దీన్ని తేల్చాలంటే ఇక్కడ ఇప్పటికే ఉన్న మూడు పోటీలనీ ఒకేరోజు వరసగా పెట్టేద్దాం అన్నాడు. వైకీకీ సముద్రపు ఈత, ద్వీపం చుట్టూ సైకిలు, హోనలూలూ మారథాన్. 3.8 కిలోమీటర్లు, 180 కిలోమీటర్లు, 42.2 కిలోమీటర్లు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. గోర్డన్ హాలర్ అనే నేవీ మనిషి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. సైకిలు దిగేసరికి ముందున్న జాన్ డన్‌బార్‌కి మారథాన్‌లో నీళ్ళయిపోతే వెంట వచ్చిన సహాయకులు బీరు ఇచ్చారు. ఆయన రెండోవాడిగా చేరాడు. బీరు తాగి కూడా రెండో స్థానం! అదే ఐరన్‌మ్యాన్.

కాబట్టి ఒకే ఆటకి ఇద్దరు తల్లులు. మిషన్ బేది తీసివేత. హోనలూలూది కూడిక. అది కూడా ఒక్క రోజు పందేనికి చేసిన కూడిక, నెలల తరబడి సాధనకి కాదు. మనం ఏం చేశాం? ఒకరోజు పందేన్ని తెచ్చి మన వారం మొత్తానికి అంటించుకున్నాం. మూడు పోటీలు కలిపితే ఐరన్‌మ్యాన్ అయింది కాబట్టి, మూడు ప్రాక్టీసులు కలిపితే ఐరన్‌మ్యాన్ ప్రాక్టీసు అవుతుందనుకున్నాం.

* * *

ఆ ఆరు వారాల్లో ఒక వారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరికి పోయాను. మాది మైదుకూరు, కడప జిల్లా. నాలుగు రోడ్ల ఊరు. ఒకటి కడపకి, ఒకటి నంద్యాలకి, ఒకటి ప్రొద్దుటూరుకి, ఒకటి బద్వేలుకి. పసుపు, ఉల్లిగడ్డలు పండే నేల. చుట్టూ ఎండిపోయిన సీమ ఉన్నా మాకు ఆ పంటలు ఉన్నాయంటే కారణం ఒకటే, కె.సి. కాలవ.

నేను పరుగు నేర్చుకున్నది ఆ కాలవ గట్టు మీదే. అందులో ఈత మాత్రం నేర్చుకోలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా వీధిలో నా ఈడువాడే ఒకడు కాలవలో పోయాడు. సెలవులప్పుడు నలుగురు దిగారు, ముగ్గురు పైకొచ్చారు. ఆ రోజు నేనూ వాళ్ళతో పోవాల్సినవాణ్ణి, ఇంట్లో ఏదో పని చెప్పారని ఆగాను. సాయంత్రం మా అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. నీళ్ళలోకి దిగనని. ఆ తర్వాత నా స్నేహితులు కాలవలో దూకుతుంటే నేను గట్టు మీద వాళ్ళ బట్టలకి కాపలా. ఊరికే కూర్చోలేక అటూ ఇటూ పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు నన్ను 'రన్నర్' అంటారు. దాని మూలం ఇదీ.

మా చిన్నాయన కథ వేరే. ఆయన కాలంలో పిల్లలు బావుల్లో నేర్చుకునేవాళ్ళు, నడుముకి ఎండు సొరకాయ కట్టి తోసేవాళ్ళట. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ బావులన్నీ ఎండిపోయాయి, ఇప్పుడు చెత్త వేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. చిన్నాయన పొద్దున్నే కాలవ ఈది అవతలి చేను చూసుకుని, మళ్ళీ ఈది ఇవతలకొచ్చి, సైకిలు మీద ప్రొద్దుటూరు పోయి సరుకు తెచ్చి, సాయంత్రం మడవ తిప్పడానికి చేని దాకా ఉరికేవాడు. నేను ట్రయాథ్లాన్ గురించి చెప్తే మొత్తం విని, "దీనికి దుడ్లు గూడా కట్టినావా?" అన్నాడు. కట్టానని చెప్పేసరికి ఇంక ఆ విషయమే ఎత్తలేదు. నా కాలు చూసి మాత్రం ఒక మాటన్నాడు. "కాలవ నీళ్ళు అందరికీ ఒకేసారి ఇడిస్తే ఎవురికీ అందవురా. వంతు పెట్టుకోవాల."

ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. మా కాలవ చరిత్ర కూడా అదే కదా అనిపించింది.

కె.సి. కాలవ అంటే కర్నూలు-కడప కాలవ. మనకి ఇప్పుడది సాగునీటి కాలవ. కట్టినప్పుడు మాత్రం దాని ఉద్దేశాలు రెండు. ఒకటి పొలాలకి నీళ్ళు. రెండోది పడవల రవాణా. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847-52 మధ్య గోదావరికి ఆనకట్ట కట్టించి, ఆ కాలవల్లో పంటకి పంట, పడవకి పడవ నడిపించి చూపించాడు. రైళ్ళ కంటే కాలవలే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ ఊపులోనే 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి, దాని మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వ హామీ. తుంగభద్ర నీళ్ళని బళ్ళారి వైపు నుంచి నెల్లూరు సముద్రం దాకా తీసుకుపోవాలన్నది పెద్ద కల. అంత కలలో చివరికి కట్టగలిగింది కర్నూలు పైన సుంకేసుల నుంచి కడప దాకా, సుమారు 190 మైళ్ళు. 1860లలో తవ్వడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1871.

గోదావరి డెల్టాలో సరిపోయిన లెక్క మా సీమలో సరిపోలేదు. పడవ నడవాలంటే కాలవలో నీళ్ళు లోతుగా, నిలకడగా ఉండాలి, లాకులు కావాలి. పొలానికి పారాలంటే తూము తెరవాలి, తూము తెరిస్తే మట్టం పడిపోతుంది. డెల్టాలో నీళ్ళకి కొదవ లేదు, నేల చదును, కాబట్టి రెండూ చెల్లాయి. ఇక్కడ నేల ఎగుడుదిగుడు, నీళ్ళు సీజన్‌లోనే. దానికి తోడు మా నల్లరేగడి రైతులు మామూలు ఏడాదిలో ఈ నీళ్ళు మాకొద్దన్నారు, డబ్బు కట్టాలి కదా. కరువొచ్చినప్పుడే కాలవ వైపు చూశారు. ఖర్చు అంచనా దాటిపోయింది. ఈలోగా మద్రాసు నుంచి కడప మీదుగా రైలు వచ్చేసింది, ఇంక పడవెక్కేదెవరు? చివరికి 1882లో ప్రభుత్వమే కాలవని కొనేసుకుంది. కంపెనీ కథ ముగిసింది.

కాలవ కథ మాత్రం ముగియలేదు, గమనించండి. పడవల సంగతి వదిలేసి, సాగునీటి కోసమని దాన్ని మళ్ళీ సరిదిద్దాక అది నిలబడింది. ఇవాళ దాని ఆయకట్టు లెక్క 2,65,628 ఎకరాలు, నీటి కేటాయింపు 39.9 టీఎంసీలు. (ఆ కేటాయింపు చివరి తూము దాకా వస్తుందా అని మా చిన్నాయన్ని మాత్రం అడక్కండి, మీకూ నాకూ మధ్యాహ్నం భోజనం ఆలస్యమవుతుంది.) రెండు పనులు ఒకేసారి నెత్తిన పెట్టినప్పుడు దివాలా తీసిన కాలవ, ఒకటి ముందు, ఇంకోటి వెనక అని తేల్చుకున్నాక ఇవాళ్టికీ పారుతోంది.

గట్టు మీద కుంటుకుంటూ నడుస్తూ ఇదంతా ఆలోచిస్తుంటే నా ఎక్సెల్ షీటు గుర్తొచ్చింది. అది ఎక్కణ్ణించి తెచ్చాను? నెట్‌లో ఎవడో కాలిఫోర్నియావాడి ప్లాను డౌన్‌లోడ్ చేశాను. వాడు చిన్నప్పట్నించీ ఈదుతున్నవాడు, రోజుకి తొమ్మిది గంటలు నిద్రపోయేవాడు. వాడి నీళ్ళు డెల్టా నీళ్ళు. నావి సీమ నీళ్ళు. రాత్రి పదింటికి అమెరికావాళ్ళతో కాల్, పొద్దున ఐదింటికి పరుగు. వాడి లెక్క నాకెలా సరిపోతుంది?

* * *

సరే, 2024లో ఏం చేశానో చెప్తాను. ఇది వైద్య సలహా కాదు, దెబ్బ తిన్నవాడి అనుభవం.

మొదటిది, ఈ ఏడాది ఏది పెద్దది అని ముందే రాసుకున్నాను. గోవా పెద్దది. హైదరాబాదులో ఫుల్ బదులు హాఫ్, అదీ పందెంలా కాదు, గోవా చివరి 21 కిలోమీటర్లకి రిహార్సల్‌లా. నెక్లెస్ రోడ్డు దగ్గర బయల్దేరి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే పక్కనుంచి నాకంటే నెమ్మది అనుకున్నవాళ్ళు దాటిపోతారు చూడండి, అప్పుడు ఊరుకోవడం అన్నిటికన్నా కష్టమైన ప్రాక్టీసు.

రెండోది, ఐదు పరుగుల్ని మూడు చేశాను. ఒకటి లాంగ్ రన్, ఒకటి కాస్త వేగంగా, ఒకటి సైకిలు దిగిన వెంటనే. ఈ మూడోదాన్ని బ్రిక్ అంటారు. సైకిలు దిగగానే కాళ్ళు నిజంగానే ఇటికల్లా ఉంటాయి. దాన్ని అలవాటు చేసుకోవాలంటే ఉత్త పరుగు ఎంత చేసినా లాభం లేదు. తీసేసిన రెండు పరుగుల చోట సైకిలు పెట్టాను. చోటు ఖాళీ చేసి పెట్టాను, పైన పెట్టలేదు.

ఎందుకిలా పనిచేస్తుందంటే, పరుగులో ప్రతి అడుగుకీ కాలి మీద మన బరువుకి రెండు మూడు రెట్ల దెబ్బ పడుతుంది. సైకిల్లో, ఈతలో ఆ దెబ్బ లేదు. గుండెకీ ఊపిరితిత్తులకీ చాలావరకు ఈ తేడా తెలియదు, అవి ఏ కష్టానికైనా బలపడతాయి, వారాల్లోనే. ఎముకకి తేడా బాగా తెలుసు, అది నెలలకి గానీ గట్టిపడదు. నేను 2023లో చేసిన తప్పు ఇదే. ఈత, సైకిలుతో గుండె బలపడింది, దాంతో పరుగు తేలికనిపించింది, తేలికనిపించిందని ఇంకా పరిగెత్తాను. గుండె సరేనంది, ఎముక కాదంది.

మూడోది ఈత. ఇక్కడే అసలు సమస్య. 113 కిలోమీటర్ల పోటీలో ఈత రెండు కిలోమీటర్లు కూడా లేదు. పరుగువాడి బుర్ర ఏమంటుందంటే, "రెండు శాతం కూడా లేనిదానికి వారంలో మూడు పొద్దులు ఎందుకు? ఆ టైములో పరిగెత్తు." లెక్క ప్రకారం అది నిజమే. కానీ ఆ రెండు శాతం దాటకపోతే మిగతా తొంభై ఎనిమిది శాతం మనకివ్వరు. పైగా ఈతలో ఓపిక కంటే నేర్పు ఎక్కువ. పది కిలోమీటర్లు అవలీలగా పరిగెత్తే నేను యాభై మీటర్ల కొలనులో ఒక్క పొడవు ఈదేసరికి గట్టు పట్టుకుని రొప్పేవాణ్ణి, పక్క లేన్‌లో ఒక పెద్దావిడ మాట్లాడుకుంటూ ఈదుతోంది.

నిజం చెప్పాలంటే టైము లేకపోవడం సాకు. పరుగు మానుకుని కొలనుకి పోవాల్సిన ప్రతి పొద్దునా నాకు పరిగెత్తాలని ఎక్కడలేని ఉత్సాహం వచ్చేది. మొహం నీళ్ళలో పెడితే ఎనిమిదో తరగతి గుర్తొచ్చేది. ఇన్నేళ్ళూ నేను పరుగు మీద ప్రేమ అనుకున్నదాంట్లో సగం నీళ్ళ భయమే అని నలభై దాటాక తెలిసింది. 'బ్యాలెన్స్' అని మనం అనేది చాలాసార్లు టైంటేబుల్ సమస్య కాదు. మనకి వచ్చినదాన్ని వదలడానికి, రానిదాని ముందు చిన్నపిల్లాడిలా నిలబడడానికి ఒప్పుకోకపోవడం. పరుగులో నేను సీనియర్‌ని, కొలనులో ఫ్రెషర్‌ని. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కొత్త టెక్నాలజీ నేర్చుకోమంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మరి అన్నీ మానేసి ఒక్కటే పట్టుకోవడం మంచిదా అంటే, దానికీ ఒక కథ ఉంది. గ్వెన్ జోర్గెన్సన్ అని అమెరికా అమ్మాయి. కాలేజీలో ఈత, పరుగు రెండూ చేసింది. తర్వాత మనలాగే ఆఫీసు ఉద్యోగం, ఎర్నెస్ట్ అండ్ యంగ్‌లో పన్నుల అకౌంటెంటు. ట్రయాథ్లాన్ వాళ్ళు వెతికి పట్టుకుని రమ్మంటే వెళ్ళి, 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. 2017లో ఈత, సైకిలు పక్కన పెట్టి మారథాన్ మీద పడింది. 2018 షికాగోలో 2 గంటల 36 నిమిషాల 23 సెకన్లతో పదకొండో స్థానం. మరుసటి ఏడు మడమకి ఆపరేషన్. 2022 చివర్లో మళ్ళీ ట్రయాథ్లాన్‌కే తిరిగొచ్చింది. మారథాన్ చెడ్డదని కాదు నేననేది. ప్రపంచంలో అందరికంటే బాగా మూడింటినీ నడిపిన మనిషికే ఒక్కదాన్లోకి మారడం అంత కష్టమైతే, ఒక్కదాన్ని మాత్రమే ఎరిగిన మనం మూడింట్లోకి వెళ్ళడానికి ఒక్క సీజన్ చాలదు. అంతే.

2024 అక్టోబరులో గోవాలో నీళ్ళ ముందు నిలబడ్డప్పుడు చేతులు వణికిన మాట నిజం. ఈత 58 నిమిషాలు. బయటికొచ్చి ఇసక మీద నాలుగు అడుగులు వేశాక ఏడుపొచ్చింది, ఎవరికీ కనపడలేదులెండి, మొహమంతా ఉప్పునీళ్ళేగా. మొత్తం ఏడు గంటల నలభై నిమిషాల పైచిలుకు. చివరి పరుగు నా హాఫ్ మారథాన్లన్నిట్లోకీ నెమ్మదైనది. ఎముక మాత్రం కిమ్మనలేదు.

అమ్మకి ముందు చెప్పలేదు. ఒట్టు సంగతి ఉంది కదా. అయిపోయాక ఫోన్ చేసి చెప్పాను. కాసేపు అవతలినించి మాట లేదు. తర్వాత, "సముద్రంలోనా?" అంది. అవునన్నాను. "పైకొచ్చినావు కదా, ఇంగ చాల్లే నాయనా" అంది. మళ్ళీ కాసేపాగి, "ఆ పిల్లోనికి గూడా ఎవురన్నా నేర్పించింటే బాగుండు" అంది. ఎవరి గురించో నేను అడగలేదు.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయిని తీసుకుని కాలవ గట్టుకి పోయాను. అది హైదరాబాదు కొలనులో ఏడేళ్ళకే చేపలా ఈదుతుంది. దిగుతానంది. వద్దన్నాను, కాలవ కొలను కాదు, ఒరవడి ఉంటుంది, అంచులు నున్నగా ఉంటాయి, ఎక్కడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడికీ అది ప్రమాదమే. మరి ఏం చేద్దామంది. పరిగెడదామన్నాను. ఇద్దరం గట్టు మీద కిలోమీటరు పరిగెత్తాం.

కాబట్టి తమ్ముడూ, నీ లంచ్ టేబుల్ ప్రశ్నకి నా జవాబు ఇదీ. రెండూ చెయ్యొచ్చు. ఒకే ఏడాదిలో రెండూ పెద్దవి కావు, అంతే. ఏది పంట, ఏది పడవ అన్నది ముందు తేల్చుకో. ఒకటి పెట్టాలంటే ఒకటి తియ్. తీసేది నీకు బాగా వచ్చినదే అయ్యుంటుంది, అక్కడే నొప్పి. ఆ ఎక్సెల్ షీటు నాకొకసారి పంపు, రంగులు చూసి చెప్తా :-)